వరద దెబ్బ

"మూడో రొట్టె ఏదమ్మా?"

ఇన్సాఫ్ పళ్ళెంలో గిన్నెడు ఫూల్, ఉడికిన చిక్కుడు గింజల కూర, పెట్టి, దానిమీద అవిసె నూనె పోసి, పక్కన రెండే రెండు బత్తావ్ రొట్టెలు పెట్టింది. ఒకటి తనకి, ఒకటి కూతురు రిహామ్‌కి.

శనివారం సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఇవాళ గురువారం. మనుషులు ముగ్గురు, రొట్టెలు రెండు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొగుడికి వడ్డించకుండా ముద్ద ముట్టని మనిషి, అయిదు రోజులుగా ఆయన ఇంట్లో ఉన్నాడన్న సంగతే మరిచిపోయినట్టు తిరుగుతోంది.

నిజంగా మరిచిపోతే బాగానే ఉండేది. బాల్కనీలో ఆయన దగ్గితే చాలు, ఆమె చేతిలో గరిట క్షణంపాటు ఆగుతోంది. రిహామ్ అది కనిపెడుతూనే ఉంది.

తండ్రి షాజ్లీ కూడా ఎందుకని అడగలేదు. తన టీ తనే కాచుకుంటున్నాడు, బాల్కనీలో కూర్చుని నైలు వైపు చూస్తూ తాగుతున్నాడు. అలిగింది అమ్మ ఒక్కతే అయితే ఎలాగో సర్దిచెప్పొచ్చు. కానీ శిక్ష పడ్డవాడిలా తలొంచుకు తిరుగుతున్న తండ్రిని చూస్తే రిహామ్‌కి లోపల ఎక్కడో చలి వేస్తోంది.

శనివారం దాకా ఇల్లు పండగలా ఉంది. మూడేళ్ళుగా రిహామ్, ఆమె స్నేహితుడు బీషోయ్ ఇద్దరే కూర్చుని చేసిన వీడియో గేమ్‌కి ఆ రోజు ట్రైలర్ వదిలారు. ఇన్సాఫ్ తనే బస్బూసా మిఠాయి చేసి పళ్ళాలకెత్తింది. ఆ భవనంలోని ఇళ్ళవాళ్ళందరినీ పిలిచింది.

"గట్టు మనిషి" సీరియల్ తెలియనివాళ్ళు ఈ దేశంలో లేరు. రెండు రంజాన్ల పాటు ఉపవాసం విడిచిన జనం టీవీల ముందునుంచి కదల్లేదు. ఆఖరి రోజున కాలవ గట్టు కాపలావాడు ఒంటరిగా ఒక కర్ర పట్టుకుని ఏడుగురికి ఎదురు నిలబడ్డాడు. తెర నల్లబడింది. అంతే. బతికాడో పోయాడో చెప్పలేదు. మూడో రంజాన్ వచ్చింది గానీ సీరియల్ రాలేదు. ఆ నల్లబడ్డ తెర దగ్గర మొదలవుతుంది రిహామ్ గేమ్. ఊరి పేరు మార్చారు, మనిషి పేరు మార్చారు. అయినా ఆ గట్టునీ ఆ ఒంటి కర్రనీ చూసినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ట్రైలర్ చివర్లో కాపలావాడు కొడతాడే ఒక దెబ్బ, దానికి జనం పిచ్చెక్కిపోయారు. కుడిచేతిలో కర్ర వీపు వెనక్కి పోతుంది. పోయిన కర్ర ఇక కనపడదు. ఎదుటివాడు పైకి చూస్తూ ఉంటాడు, ఎందుకంటే ఏ కర్రయినా పైనుంచే రావాలి. ఇది ఎడమచేతిలోంచి, నేల దగ్గర్నుంచి పైకి లేస్తుంది. కింద నుంచి పొంగినట్టు వస్తుందని దానికి "వరద దెబ్బ" అని పేరు పెట్టింది కూడా ఆ జనమే. అయిదు రోజుల్లో మిన్యా వీధుల్లో చీపురు కర్ర పట్టుకున్న ప్రతివాడూ అదే సాధన. విడుదలకి ఇంకా పదకొండు రోజులా అని కొందరు, మధ్యలో కరెంటు పోతే ఎలా అని కొందరు, మేం ఆ రోజు పనిలోకి వెళ్ళమని కొందరు రాస్తున్నారు.

ఆ దెబ్బ తెరమీద పడ్డప్పుడే ఇన్సాఫ్ బస్బూసా పళ్ళెం కింద పెట్టేసి గదిలోకి వెళ్ళింది. తలనొప్పి అనుకున్నారు అందరూ.

రిహామ్ రొట్టె తుంచి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"నా పని నీకు మొదట్నించీ ఇష్టం లేదు. ఆ మాట నాతో అను. నాన్నేం చేశాడు? ఈ వయసులో నా గేమ్ కోసం ఆ బిగుతు చొక్కా తొడుక్కుని గెంతాడని సిగ్గా? ఆయన పేరు కూడా వెయ్యలేదు కదమ్మా. కర్రసాము ఎవరిదో ఎవరికీ తెలీదు."

ఇన్సాఫ్ చాలాసేపు నూనె సీసా మూత బిగిస్తూ ఉంది. అప్పటికే బిగిసిన మూత.

"ఆ చివరిది ఇంకోసారి చూపించు," అంది.

రిహామ్ లాప్‌టాప్ తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది. ఒకసారి చూసింది ఇన్సాఫ్. నెమ్మదిగా తిప్పగలవా అని అడిగింది. రిహామ్ నెమ్మది చేసింది. ఇంకా నెమ్మదిగా అంది. కర్ర నీళ్ళలో తేలుతున్నట్టు వెనక్కి పోయి, ఎడమచేతికి అంది, పైకి లేవడం మొదలుపెట్టింది.

"ఆపు. కర్ర ఎక్కడ తగులుతుంది?"

"ఇక్కడ. కుడి చెవి కింద."

ఇన్సాఫ్ వేలు తెరమీద పెట్టింది. దవడ దగ్గర మొదలుపెట్టి చెవి వెనక్కి, పైకి గీసింది. ఏ గుర్తూ లేని చోట ఏదో గుర్తుపట్టినట్టు గీసింది.

"ఇది ఆట ఆడేవాళ్ళందరూ కొట్టాలా?"

"ఆఖర్న కొట్టాలి. అది కొట్టకపోతే ఆట పూర్తవదు."

"ఎంతమంది ఎదురుచూస్తున్నారన్నావు?"

"అరవై వేలు దాటారమ్మా."

"అరవై వేలమంది," అంది ఇన్సాఫ్. "ఒక్కొక్కళ్ళూ ఒకసారైనా నా అన్నని చంపుతారు."

రిహామ్‌కి వెంటనే అర్థం కాలేదు. బఖీత్ మామయ్య ఆమె పుట్టకముందే పోయాడు. అమ్మమ్మ ఇంట్లో గోడమీద ఫోటోలో, తలపాగా కాస్త పక్కకి వంచి నవ్వే మనిషిగానే ఆమెకి తెలుసు. కర్రసాములో మల్లవీ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడనీ, ఒక పెళ్ళిలో దెబ్బ తగిలి పోయాడనీ విన్నది. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు.

ఇప్పుడు ఇన్సాఫ్ చెప్పింది. గొంతు ఎక్కడా పెంచలేదు. ఇంకెవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కింద, ఏప్రిల్ నెలలో, మిట్టమధ్యాహ్నం పెళ్ళి. సన్నాయిలు, డోళ్ళు, మధ్యలో కర్రసాము. ఇరవైమంది ఆడుతున్నారు. ఉన్నట్టుండి ఖమాసీన్ ఎడారి గాలి లేచింది. ఎర్ర దుమ్ములో పక్కవాడి ముఖం కనిపించలేదు. ఆడవాళ్ళు తలగుడ్డలు ముఖాలమీదికి లాక్కుని గోడల వెంబడి కూలబడ్డారు. డోలు ఆగిపోయినా కర్రల చప్పుడు కాసేపు వినపడుతూనే ఉంది. దుమ్ము తేరుకునేసరికి బఖీత్ నేలమీద ఉన్నాడు.

"తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. దెబ్బ ఇక్కడ మొదలై పైకి పోయింది. డాక్టరు కూడా చూసి, ఇదెలా సాధ్యం అన్నాడు. కొట్టినవాడు ఎడమచేతివాటం అయ్యుండాలి, నేలమీద కూర్చునైనా కొట్టుండాలి అన్నాడు. మూడూళ్ళలో కర్ర పట్టేవాళ్ళలో ఎడమచేతివాడు ఒక్కడే. ఉవైస్."

ఆ పేరు రిహామ్ ఎప్పుడూ వినలేదు.

ఉవైస్ కురాను మీద ప్రమాణం చేశాడట. పెద్దలు కూర్చుని, దుమ్ములో జరిగింది, రుజువు లేదు, పగ వద్దు అని తీర్పు చెప్పారట. తీర్పు చెప్పారు గానీ ఊరు నమ్మలేదు. ఉవైస్ ఇంటి ముందు ఎవరూ నడిచేవారు కాదు. అతని గేదె పాలు ఎవరూ కొనేవారు కాదు. ఆర్నెల్లకి పెళ్ళాన్ని తీసుకుని ఇస్మాయిలియా వెళ్ళిపోయాడు. అక్కడే కూలి చేసి, అక్కడే పోయాడు. అతని శవాన్ని కూడా ఊళ్ళోకి తేలేదు.

"ప్రతి నమాజు తర్వాతా అతన్ని శపించాను," అంది ఇన్సాఫ్. "రోజుకి అయిదుసార్లు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. మీ నాన్న పక్క చాప మీదే కూర్చుని వినేవాడు."

రిహామ్ లాప్‌టాప్ మూసింది.

"అమ్మా, నాన్న కుడిచేతివాటం."

"అవును. అందుకే నేను ఏనాడూ ఆయన చేతుల వంక చూడలేదు."

రిహామ్‌కి జనవరి గుర్తొచ్చింది. ఖాళీ గోడౌన్ ఒకటి అద్దెకి తీసుకుని, చుట్టూ కెమెరాలు పెట్టి, తండ్రికి ఒంటినిండా బిళ్ళలు కుట్టిన నల్ల చొక్కా తొడిగారు. ఆయన కదిలినట్టే తెరమీద బొమ్మ మనిషి కదులుతాడు. ఆయన ముఖం ఎక్కడా ఉండదు. మూడు రోజులు ఆయన తనకి తెలిసిన సాము అంతా చేశాడు. ఎవరూ చూడని దెబ్బ ఒకటి కావాలి నాన్నా అని రిహామ్ ఎంత బతిమాలినా, అలాంటివేం లేవన్నాడు. నాలుగో రోజు ఇక చాలు, చొక్కా విప్పెయ్ అన్నాక, ఆయన కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ అడగకుండానే ఆ దెబ్బ కొట్టాడు. కొట్టి నేలమీద కూర్చుండిపోయాడు. బీషోయ్ ఆనందంతో చప్పట్లు కొడుతుంటే, మోకాళ్ళు పట్టేశాయి అన్నాడు. ఆ రోజు ఆయన్ని లేపడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది.

రిహామ్ తల ఎత్తేసరికి షాజ్లీ బాల్కనీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఖాళీ టీ గ్లాసు చేతిలోనే ఉంది. ఎప్పటినుంచి వింటున్నాడో తెలియదు.

"ఆ దెబ్బ నాది కాదు, రిహామ్ అమ్మా," అన్నాడు భార్యతో. "అది బఖీత్ కనిపెట్టింది. కాలవ గట్టుమీద నాకు నేర్పాడు. మా ఇద్దరికే తెలుసు."

ఇన్సాఫ్ ఆయనవైపు తిరగలేదు. కానీ అయిదు రోజుల తర్వాత మొదటిసారి, ఆయన మాట విన్నట్టు కూర్చుంది.

"దుమ్ములో నా కళ్ళు మూసుకుపోయాయి. వెనకనుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. ఆడే కర్రల మధ్యలో అలా పట్టుకుంటే ఎవరనుకోవాలి? చెయ్యి దానంతటది తిరిగింది. చప్పుడు విన్నాను. ఆ చప్పుడుతోనే తెలిసింది, ఏ దెబ్బ కొట్టానో. ఎవర్ని కొట్టానో దుమ్ము తేరుకున్నాకే తెలిసింది."

"ఎందుకు పట్టుకున్నాడు?" ఇన్సాఫ్ పళ్ళెంతోనే మాట్లాడుతున్నట్టు అడిగింది.

"నన్ను బయటికి లాగడానికి. నాకు దుమ్ము పడదని వాడికి తెలుసు. ఊపిరాడదు. నన్ను వెతుక్కుంటూ వచ్చాడు."

కింద వీధిలో గ్యాస్ సిలిండర్లవాడు ఇనుప కమ్మీతో సిలిండరు కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ చప్పుడు మలుపు తిరిగాక ఇన్సాఫ్ అంది.

"ఉవైస్ ప్రమాణం చేసిన రోజు నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"నోరు తెరవలేదు."

"తెరవలేదు. తెరిస్తే మీ హమ్దాన్ అన్న నన్ను చంపేవాడు. దానికి భయపడ్డాను. తర్వాత నిన్ను చేసుకున్నాక, నీకు భయపడ్డాను. ఆ తర్వాత ఈ పిల్ల పుట్టింది. చెప్పడానికి ఏటికేడాదీ ఇంకో మనిషి అడ్డం."

ఇన్సాఫ్ అప్పుడు తల తిప్పి మొగుడివంక చూసింది. రిహామ్ ఆ చూపు తట్టుకోలేక కళ్ళు దించుకుంది.

"నన్ను చేసుకోవడం ఎందుకు? వాడి బాకీ అనుకున్నావా?"

"మొదట ఆ పాపంతోనే వచ్చాను. అబద్ధం చెప్పను. మీ అమ్మ ఇంట్లో మగదిక్కు తగ్గిందని వచ్చాను." షాజ్లీ గ్లాసు గుమ్మం పక్క బల్లమీద పెట్టాడు. "రెండో ఏటి నుంచి మాత్రం, సాయంత్రమయ్యేసరికి ఇంటికి వస్తున్నాను అనుకునే వచ్చేవాణ్ణి."

ఆ మాటకి ఇన్సాఫ్ తలగుడ్డ అంచుతో నోరు మూసుకుంది. ఏడుస్తోందేమో అనుకుంది రిహామ్. కాదు. ఏదో మాట బయటికి రాకుండా అదిమిపెట్టుకుంటోంది.

రిహామ్‌కి తండ్రి మీద కోపం వచ్చింది, కానీ అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జనవరిలో ఎందుకు కొట్టావు నాన్నా అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు దాచినవాడివి, అదీ నా కోసం, అదీ దేశమంతా చూసేలా.

"ఆ చొక్కా వేసుకుంటే నేను నేను కాదనిపించింది," అన్నాడు షాజ్లీ. "ముఖం ఉండదన్నావు. బొమ్మ కొడుతుందన్నావు. నా చేతిలో అది ముప్ఫై ఏళ్ళుగా ఉంది తల్లీ. నిద్రలో కూడా కదిలేది. ఒక్కసారి ఎక్కడైనా వదిలేద్దామనుకున్నాను. వదిలితే పోతుందనుకున్నాను. ఇప్పుడు ఏ వీధికెళ్ళినా అదే కొడుతున్నారు."

రిహామ్ అది తీసేస్తానంది. ఇప్పుడే బీషోయ్‌కి చెబుతానంది. ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా గేమ్ ఆఖరి ప్రతి పంపించాలి, చేతిలో ఇంకా టైముంది, విడుదల నెల ఆలస్యమైనా ఫరవాలేదంది. ఫరవాలేదని నోరు అంటోంది గానీ మూడేళ్ళూ ఒక్కసారిగా కళ్ళముందు కూలిపోతున్నాయి. ఆ దెబ్బ కోసమే ఎదురుచూస్తున్న అరవై వేలమందికి ఏమని చెప్పాలో తెలియలేదు.

షాజ్లీ వద్దన్నాడు. ఉంచు, కింద బఖీత్ పేరు వెయ్యి అన్నాడు.

"నువ్వు చెప్పకు," అంది ఇన్సాఫ్. అయిదు రోజుల్లో మొగుడితో నేరుగా అన్న మొదటి కోపం మాట అది. తర్వాత కూతురివైపు తిరిగింది. "మీ మామయ్య నిన్ను ఎత్తుకోలేదు. నువ్వు పుడతావని కూడా ఆయనకి తెలీదు. ఆయన దగ్గర్నుంచి నీదాకా వచ్చింది ఆ దెబ్బ ఒక్కటే. ఉంచుతావో తీసేస్తావో నువ్వే చూసుకో. నన్ను మాత్రం అడగొద్దు."

ఇన్సాఫ్ ఫోన్ అప్పుడు మోగింది. హమ్దాన్. ఇన్సాఫ్ పెద్దన్నయ్య. వారానికొకసారి, శుక్రవారం తప్ప ఫోన్ చేసే మనిషి కాదు.

ఇన్సాఫ్ స్పీకర్ నొక్కి బల్లమీద పెట్టింది. హమ్దాన్ ముందు అందరి క్షేమం అడిగాడు. అమ్మకి కాళ్ళ నీరు తగ్గిందన్నాడు. చెరకు నరికేవాళ్ళు దొరకడం లేదన్నాడు. ఆ తర్వాత ఆయన ఊపిరే వినపడింది.

"మనవరాలు ఫోన్లో ఏదో చూపించింది, ఇన్సాఫ్. మన రిహామ్ చేసిందట."

"అవును అన్నయ్యా."

"బాగుంది. ఆ ఆఖరి దెబ్బ ఇరవైసార్లు చూశాను. పిల్ల అది ఊహించుకుని చెయ్యలేదు కదా. ఎవరో ఒకరు చేసి చూపిస్తేనే కదా బొమ్మ చేసేది. ఆ చెయ్యి ఎవరిది?"

షాజ్లీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పారిపోయేవాడిలా లేడు, నిలబడగలిగేవాడిలానూ లేడు. ఫోన్ కట్ చెయ్యమని రిహామ్ తల్లికి సైగ చేసింది. దారిలో ఉన్నాను, సిగ్నల్ లేదు అని చెప్పమంది, పెదాలతోనే.

ఇన్సాఫ్ మొగుడి ముఖంలోకి చూసింది. రిహామ్‌కి తెలిసి ఆమె అంతసేపు ఎప్పుడూ అలా చూడలేదు.

"ఫోన్లో చెప్పే మాట కాదు అన్నయ్యా. రేపు నమాజు అయ్యాక మేమే వస్తాం."

"మేమంటే?"

"నేనూ, ఆయనా."

హమ్దాన్‌కి అర్థమైపోయిందని రిహామ్‌కి తెలిసింది. సరే, అమ్మతో చెబుతాను, అని మాత్రం చెప్పి ఆయన పెట్టేశాడు.

ఇన్సాఫ్ లేచి పళ్ళెం తీసింది. తీస్తూనే చెప్పింది. ఊరి ఆచారం ప్రకారం ఆయన రేపు తన కఫన్, అంటే శవానికి చుట్టే తెల్లబట్ట, తన చేతుల మీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా, తలపాగా లేకుండా, ఊరంతా చూస్తుండగా కాలవ దగ్గర్నుంచి మా అమ్మ గడపదాకా నడవాలి. క్షమిస్తే ఆమె క్షమిస్తుంది. లేకపోతే పక్కన హమ్దాన్ ఉంటాడు. ముందు అందరి ఎదుటా ఉవైస్ పేరు చెప్పాలి, అతను చెయ్యలేదని.

"నేను కూడా పక్కనే నడుస్తాను," అంది. "ఎటువైపు నడుస్తానో ఇప్పుడే అడక్కు."

షాజ్లీ తల ఊపాడు. చాలా ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని చూసినవాడిలా ఊపాడు.

కఫన్ బట్ట తేవడానికి రిహామ్ వెళ్ళాల్సొచ్చింది. తల్లి వెళ్ళలేనంది. తండ్రిని పంపడం ఎలా. గడప దాటుతూ, ఆ దెబ్బ తీసెయ్యాల్సి రావచ్చని బీషోయ్‌కి మెసేజ్ పెట్టింది.

బజారులో బట్టల కొట్టు ముసలాయన కూర్చునే ఉన్నాడు. తెల్లబట్ట కావాలంటే ఏ రకమని అడగలేదు. ఉతకని నూలు తాను తీసి బల్లమీద పరిచి, కత్తెర అందుకుని, మనిషి పొడవెంతమ్మా అని అడిగాడు.

"నూట డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు."

అంత కచ్చితంగా ఎవరూ చెప్పరేమో, ముసలాయన కళ్ళద్దాల మీదుగా చూశాడు. రిహామ్‌కి పొడవొక్కటే కాదు, భుజం నుంచి మోచేతికి ఎంతో, మోచేతి నుంచి మణికట్టుకి ఎంతో, మోకాలి నుంచి మడమకి ఎంతో తెలుసు. ఆ నల్ల చొక్కా కోసం ఒక్కో ఎముకా టేపు పెట్టి కొలిచి రాసుకుంది. కొలుస్తుంటే చక్కిలిగింతలని ఆయన నవ్వాడు కూడా.

"అల్లా కరుణించుగాక. ఎప్పుడు పోయారు?"

"పోలేదు," అంది రిహామ్. "ఇంట్లోనే ఉన్నారు."

ముసలాయన కత్తెర ఆపాడు. ఏ ఊరని అడిగాడు. ఆమె చెప్పింది. ఇంకేమీ అడగలేదు. అనుకున్న చోట కాకుండా ఇంకో జానెడు వదిలి కత్తిరించాడు. మడతపెట్టి, సంచీలో పెట్టకుండా, ఆమె రెండు చేతుల మీదా పెట్టాడు.

బజారు దాటుతుంటే జేబులో ఫోన్ మోగడం మొదలైంది. బీషోయే అయ్యుంటాడు. ఆరు కావడానికి ఇరవై నిమిషాలే ఉంది. ఆ దెబ్బ ఉంచుతున్నామా, తీసేస్తున్నామా అని అడుగుతాడు. ఒకసారి ఆగి, మళ్ళీ మోగింది.

తీసి మాట్లాడాలంటే బట్ట ఎక్కడైనా కింద పెట్టాలి. రిహామ్ చుట్టూ చూసింది. ఎక్కడ పెట్టడానికీ చేతులు రాలేదు.